ముందు సీటు

ఓబయ్య కారు కింద దూరి అడుగు రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. అది పిడిదాకా లోపలికి పోయింది. తుప్పు పొడి అతని ముఖం మీద రాలింది.

"ఉప్పుగాలి తినేసింది సార్," అన్నాడు బయటికి వస్తూ. "అడుగంతా జల్లెడే. ఇంజను మాత్రం పట్టేయలా. చేత్తో తిప్పితే తిరుగుతాంది."

"అంటే బాగుపడుతుందా, లేదా?" అన్నాడు పద్మనాభయ్య.

"తొందర పడబాకండి. లోపల గూడా చూసి చెప్తా."

ముత్తుకూరులో పద్మనాభయ్య ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ ఫియట్ కారు ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉంది. దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలని పద్మనాభయ్య పట్టుదల. పాత ఇనుము కొట్టుకు తోలేయాలని ఆయన భార్య ఆదిశేషమ్మ పట్టుదల. నెల్లూరు నుంచి మెకానిక్‌ను పిలిపించి, అతను ఏం చెబితే అది చేద్దామని చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

పద్మనాభయ్య ముందు తలుపు లాగాడు. కిర్రుమని సగమే తెరుచుకుంది.

"అన్నీ మార్చు గాని, ఈ సీటు మాత్రం మార్చబాక ఓబయ్యా. సులోచన ఇక్కడే కూచునేది."

మజ్జిగ గ్లాసుతో వస్తున్న ఆదిశేషమ్మ గుమ్మంలోనే ఆగింది.

"సముద్రానికి పోతా మైపాడు రోడ్డులో తాటిముంజలు కొనిచ్చేవాణ్ణి. తినేసి చేతులు ఈ డాష్‌బోర్డుకే తుడిచేది, గడుగ్గాయి! కాపలాకని వాళ్ళ నాయనమ్మను వెనక కూచోబెట్టి పంపేవాళ్ళు. ఊరు దాటేసరికి ముసలామె గుర్రు. ఇంక ఈమె అద్దం దించి పాట ఎత్తుకునేది. నాకు రోడ్డు కనపడితే ఒట్టు!"

"ఆ ముంజల మరకలు గూడా తుడవద్దని చెప్పండి," అంది ఆదిశేషమ్మ. "రోజూ హారతి ఇచ్చుకుందురు గాని."

పద్మనాభయ్య పగలబడి నవ్వాడు. "చూసినావా ఓబయ్యా? ఇప్పటికీ మంట పోలేదు."

మంటే. ఆమె దాచుకోలేదు కూడా. సులోచన పాటలు ఆయనకు ఇన్నేళ్ళకూ గుర్తే. ఆదిశేషమ్మను పాడమని ఆయన ఒక్కనాడూ అడగలేదు. సులోచన కోసం ఆ కారు సముద్రందాకా పోయేది. ఆదిశేషమ్మ అదే కారులో ఆసుపత్రులకు పోయింది, చావులకు పోయింది. ఎప్పుడూ వెనక సీట్లో, అత్తగారి పక్కన.

ఫోన్ మోగడంతో పద్మనాభయ్య వాకిట్లోకి వెళ్ళాడు. ఆమె గ్లాసు ఓబయ్య చేతికిచ్చి గొంతు తగ్గించింది.

"అబ్బయా, ఇది బాగుపడదని చెప్పు."

"బాగుపడతాదమ్మా. రేకు కోసి కొత్తది అతికితే..."

"పడినా సరే, పడదని చెప్పు. ఆ పిల్లను తలుచుకుంటా ఈయన మైపాడుకు పోతా ఉంటే, నేను నిలబడి చూస్తా ఉండాల్నా?"

ఓబయ్యకు నవ్వొచ్చింది. "మా ఇంటామే నయం. ఎదురింటామెతో మాట్లాడితేనే అలుగుతాది. మీరు కారు మీద గూడా అలుగుతారే!"

"నువ్వామెను చూళ్ళేదు," అంది ఆదిశేషమ్మ. ఆమె నవ్వలేదు. "నడుందాకా జడ. ఎవరికీ బెదిరేది కాదు. నోరు తెరిస్తే నవ్వో, పాటో. నేను ఆమెకు యాడ సరిపోతా?"

ఓబయ్య మజ్జిగ తాగాడు. షెడ్డు బయట పద్మనాభయ్య ఫోనులో ఎవరికో చెబుతున్నాడు, ఇంజను పట్టేయలేదట, కారు ఇంక రోడ్డెక్కినట్టే అని. ఆ గొంతులో సంతోషం ఇద్దరికీ వినిపించింది.

ఓబయ్య ఖాళీ గ్లాసు తిరిగిచ్చాడు.

"ఏమనుకోబాకండమ్మా, అడగతాండా. నాయనమ్మను తోడిచ్చి పంపేదాకా వచ్చిన సంబంధం ఎట్టా చెడిపోయింది? ఆ సులోచనమ్మ ఏమైపోయింది?"

ఆదిశేషమ్మ గ్లాసు అందుకుంది.

"మా అత్త పేరు గూడా సులోచనేనయ్యా. అత్త పేరు పెట్టి కోడల్ని పిలవకూడదని, కాపురానికొచ్చిన రోజే నాకు ఆదిశేషమ్మ అని పేరు మార్చేసినారు."