టీచరమ్మ తరఫున

“జాలి మీ దగ్గరే ఉంచుకోండి. నాకు డేటు ఇవ్వండి,” అంది ఆమె ఫోనులో.

“మీ తీరు భలే ఉందండీ,” అన్నాడు అవతల హాలు మేనేజరు. “నాటకాలకి హాలు అడిగేవాళ్ళు బతిమాలతారు. మీరు దబాయిస్తున్నారు.”

“బతిమాలితే ఇస్తారా?”

“ఇవ్వం.”

“మరి దబాయిస్తే పోయేదేముంది?”

ఆమె నిలబడే మాట్లాడుతోంది. కూర్చుంటే గొంతు కూడా కూర్చుంటుందని ఆమె నమ్మకం. ఫోనులో ఆ గొంతు బొంగురుగా, కటువుగా పలుకుతోంది. ఎదురుగా గోడ మీద మ్యాపు ఉంది. ఒప్పుకున్న ఊళ్ళ మీద ఎర్ర గుండుసూదులు. పైన కొన్ని, కింద కొన్ని. మధ్యలో ఈ మేనేజరు ఊరొక్కటే ఖాళీ. అక్కడ ఆట పడకపోతే, సెట్టు మోసే వ్యానును పై ఊళ్ళ నుంచి కింది ఊళ్ళకు తెచ్చే బాడుగ గిట్టదు. పర్యటన మొత్తం కూలిపోతుంది. అది కూలితే టీచరమ్మ మళ్ళీ స్టేజీ ఎక్కడం ఉండదు.

టీచరమ్మ అసలు టీచరు కాదు. భర్తతో కలిసి ఏళ్ళ తరబడి ఆడిన ఇద్దరి నాటకంలో అది ఆవిడ పాత్ర. చూసినవాళ్ళకు అదే పేరయిపోయింది.

“ఆయన పోయాక ఆవిడ మానేశారనుకున్నాం,” అన్నాడు మేనేజరు. “చివరిసారి ఎక్కడో మధ్యలో ఆగిపోయారట కదా. తెర దించేశారట.”

“ఆగింది. ఆయన పోయిన నెలలోనే ఎక్కింది మరి. మీరైతే మంచం దిగేవారా?”

“అయ్యో, తప్పు పట్టట్లేదండీ. ఆవిడంటే మాకు గౌరవం. అందుకే చెప్తున్నా. నాటకం వద్దు, సన్మానం పెడదాం. పెద్దలు నాలుగు మాటలు మాట్లాడతారు. ఆవిడ వచ్చి కూర్చుంటే చాలు.”

“సన్మానాలు ఆడలేనివాళ్ళకి చేసుకోండి. ఈవిడ ఆడుతుంది.”

“ఆయన పాత్రకి ఎవర్ని పెట్టారు?”

“ఎవర్నీ పెట్టలేదు. ఆయన కుర్చీ అలాగే ఉంటుంది. ఆయన మాటలు కూడా ఆవిడే చెప్తుంది.”

“ఒక్క మనిషి రెండు గొంతులా! ఎవరు నమ్ముతారండీ? జనం నవ్విపోతారు.”

“నమ్ముతారు.”

“మీరు విన్నారా?”

“రోజూ వింటున్నా. రిహార్సల్సు ఈ ఇంట్లోనే.”

“ఇంతకీ మీరెవరు? ఇదివరకు హాళ్ళతో ఆయనే మాట్లాడేవారు.”

“ఇప్పుడు ఆ పని నా మీద పడింది.”

“బంధువులా?”

“బాగా దగ్గరివాళ్ళం.”

“ఉండండి, మా కార్యదర్శిని ఒక మాట అడిగొస్తా,” అని మేనేజరు ఫోను పక్కన పెట్టాడు.

వంటింట్లోంచి చెల్లెలు వేన్నీళ్ళ గ్లాసు తెచ్చింది. “తాగక్కా. అలా అరిస్తే గొంతు పట్టేస్తుంది.”

ఆమె ఫోనును అరచేత్తో మూసి, రెండు గుక్కలు తాగింది.

“ఇంత పోట్లాడుతున్నావు సరే,” అంది చెల్లెలు నవ్వుతూ, “నీ టీచరమ్మ ఒప్పుకుందా అసలు?”

“ఇంకా లేదు.”

“మరి ఎవరి కోసం ఈ గోల?”

“డేటు పడితే తప్పించుకోలేదు. అందుకే ముందు డేటు.”

“అంత భయమా?”

ఆమె గ్లాసు వంక చూస్తూ మెల్లగా అంది. “రెండో అంకంలో ఆయన మాట ఒకటుంది. ‘లైటు వెయ్యవోయ్, నీ మొహం కనపడట్లేదు’ అంటారు. క్రితంసారి ఆ మాట రావలసిన చోట కుర్చీలోంచి ఏమీ రాలేదు. అక్కడే ఆగింది.”

చెల్లెలి నవ్వు పోయింది. “ఇప్పుడెవరంటారు మరి?”

“ఎవరో ఒకరు అనాలిగా.”

ఫోనులో దగ్గు వినిపించింది. ఆమె నడుం నిటారుగా పెట్టింది. గొంతు మళ్ళీ బొంగురయింది. “చెప్పండి.”

“కార్యదర్శి మెత్తబడ్డాడు. వచ్చే నెల రెండో శనివారం ఖాళీ ఉంది. మీక్కావలసింది అదేగా?”

“అదే.”

“కానీ ఒక షరతు. ఆవిడతో నేను మాట్లాడాలి.”

“నేను మాట్లాడుతున్నాగా.”

“మీరు పులిలా ఉన్నారు, బానే ఉంది. కానీ స్టేజీ ఎక్కేది మీరు కాదుగా! ఆడతానని ఆవిడ నోటితో ఒక్క మాట చెప్తే డేటు మీది. లేదంటే ఆ రోజు మాకు మ్యాజిక్ షో వాళ్ళున్నారు.”

ఆమె మ్యాపు మధ్యలో ఖాళీ వంక చూసింది. చెల్లెలు గ్లాసు పట్టుకుని కదలకుండా ఆమెనే చూస్తోంది.

“ఇంట్లో ఉన్నారా?” అన్నాడు మేనేజరు.

“ఉంది. పిలుస్తాను.”

ఆమె ఫోను బల్ల మీద పెట్టి, పక్కగది తలుపు దాకా వెళ్ళింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. కొంతసేపటికి చప్పుడవుతూ మూసుకుంది. అడుగులు తిరిగి బల్ల వైపు వచ్చాయి. వెళ్ళినప్పటి విసురు లేదు. నెమ్మదిగా, ఒక్కొక్కటిగా పడ్డాయి.

“హలో, టీచరమ్మగారేనా?” మేనేజరు గొంతులో ఇప్పుడు వినయం ఉంది. “ఏమనుకోకండమ్మా. ఆవిడ చెప్తున్నారు గానీ, మీరు నిజంగా ఆడతారా?”

“ఆడతాను బాబూ,” అంది ఆమె, తన సొంత గొంతుతో.