నాలుగో దిమ్మ

"చెప్పులెందుకు విప్పావురా?" అని సూపర్‌వైజరు జగన్నాధం గట్టిగా అడిగాడు.

సమ్మెటతో గెడ్డ వాగులోకి దిగిన కూలీ లక్ష్ముడు దిమ్మవైపు చూపించాడు. "పసుపున్నాది బాబూ. నానెలా కొడతాను?"

అది 1968 మే నెల. చీపురుపల్లి దగ్గరి ఆ మాంగనీసు గని మూతపడి నాలుగేళ్లయింది. ట్రాలీ వంతెనను అప్పుడే విప్పుకుపోయారు. దాన్ని మోసిన సిమెంటు దిమ్మలు మాత్రం గెడ్డలోనే మిగిలాయి. వాటికి మట్టి మేటవేసి, ఎగువ పొలాలు ఏటా మునుగుతున్నాయి. వానలకు ముందే వాటిని తీసేయాలని జగన్నాధానికి ఉత్తర్వు వచ్చింది. మూడు పోయాయి. నాలుగోదానికి నడుమెత్తున, బెత్తెడు వెడల్పున పసుపు పట్టె ఉంది.

గట్టు మీదినుంచి ఆ ఊరి ముసలమ్మ గున్నమ్మ గబగబా దిగివచ్చింది.

"ఆ ఒక్కటీ ఒగ్గేయండి బాబూ."

"ఏ దేవతమ్మా ఇది?"

"ఏటో బాబూ, మా పిల్లల్ని కాస్తన్నాది. నాలుగు వానాకాలాలు, ఒక్కడూ గెడ్డపాలు కాలేదు."

"పిల్లలు బతకడానికీ దీనికీ సంబంధమేమిటి? ఇది మా కూలీలు కలిపిన సిమెంటు."

"కలిపిన కూలీని నానే. నాకు తెల్దేటి?"

కూలీలు కిసుక్కుమన్నారు. జగన్నాధం తమాయించుకున్నాడు.

"తెలిసీ పసుపు రాస్తున్నావా?"

"నూనెలో కలిపి మరీ రాస్తన్నాను. లేపోతే నీటికి పోతాది."

"అభ్యంగనం కూడానా! సరే, ఒక ముక్క గట్టుమీద నిలబెట్టిస్తాను. అక్కడే మొక్కుకో."

"గట్టుమీదుంటే ఏటి లాభం?"

"దేవతకు ఎక్కడైనా ఒకటే కదమ్మా!"

ఈసారి నవ్వు గట్టిగా లేచింది. గున్నమ్మ ఏదో చెప్పబోయి, సిగ్గుతో తల దించుకుంది.

జగన్నాధం తానే సమ్మెట అందుకున్నాడు. మూఢనమ్మకాన్ని అందరి కళ్లముందే పగలగొట్టాలన్న పట్టుదల అతనిది. మధ్యాహ్నానికి దిమ్మ ఒరిగింది.

ఆమె శపించలేదు, ఏడవనూ లేదు. ఒడ్డున చతికిలబడి, పాదాలు తడిసేపాటి నీటిని చూస్తూ కూర్చుంది. ఆమెను చూస్తుంటే జగన్నాధానికి తన గెలుపు చిన్నదైపోయింది. తర్కంలో తప్పు లేదు. కానీ ఒక ముసలిదాన్ని నలుగురిలో నవ్వులపాలు చేయడం ఏ శాస్త్రం?

దగ్గరకు వెళ్లి, తగ్గిన గొంతుతో అన్నాడు. "నన్ను తిట్టమ్మా, పడతాను. నీ నమ్మకాన్ని ఎగతాళి చేశాను."

గున్నమ్మ ఆవలిగట్టున ఉన్న బడివైపు చూసింది.

"పసుపు మునిగితే పిల్లల్ని గెడ్డ దాటనిచ్చీవోళ్లం కాదు బాబూ."