నాలుగే వినపడ్డాయి

తలుపు చప్పుడుకే ఆమె గుండె గుభేలుమంది.

గొలుసు తియ్యకుండా సందులోంచి చూసింది. మాసిన చొక్కా, చెమటతో తడిసిన ముఖం. ఎవరో ముసలాయన రొప్పుతూ నిలబడి ఉన్నాడు.

"అమ్మా, మీ అమ్మాయి పిస్టల్ బయటికి తీసిందా?"

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. కూతురు పిస్టల్ షూటింగు నేర్చుకుంటోందని చుట్టాలకే చెప్పలేదు. ఈయనకెలా తెలిసింది?

"ఎవరు నువ్వు?"

"రోజూ మీ అమ్మాయి క్లబ్బు గేటు దగ్గరే కూర్చుంటాను. వరసకు ఐదు తూటాలు వేసుకుంటారు. ఇందాక మీ అమ్మాయి ఆఖరి వరసలో నాకు నాలుగే వినపడ్డాయమ్మా, వెంటే వచ్చాను."

"మతుండే మాట్లాడుతున్నావా? గేటు బయట కూర్చుని చప్పుళ్ళు లెక్కపెడతావా?"

"అదే నా పని. ఐదోది లోపలే ఉండిపోయుంటుంది. ఒక్కసారి చూపించమనండి, వెళ్ళిపోతాను."

చూపించాలట! చూపిస్తే లాక్కుని ఉడాయించడానికి కాదూ? ఆ తుపాకీతో వీడు ఎవరినో కాల్చడం, పోలీసులు ఇంటికి రావడం, కూతురి ఫొటో పేపర్లో పడటం, అన్నీ క్షణంలో ఆమె కళ్ళకు కట్టాయి.

"తమ్ముడూ! దొంగ! తుపాకీ కోసం వచ్చాడు!" అని వీధి అదిరేలా అరిచింది.

ఎదురింటి మెకానిక్ గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చి ముసలాయన కాలరు పట్టుకున్నాడు.

"ఏం తాతా, కాటికి కాళ్ళు చాపుకుని ఇదేం పాడుబుద్ధి?"

"నన్ను తర్వాత తిడుదువుగాని బాబూ. ముందు లోపల పిల్లని ఆపు."

మెకానిక్ తోసిన తోపుకు ఆయన మెట్లు జారి మోకాళ్ళ మీద పడ్డాడు. పడ్డచోటు నుంచే కిటికీ వైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"అమ్మాయీ! తూటాల మేగజైన్ తీస్తే చాలదు! మనుషుల్లేని వైపు తిప్పి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా పైనున్న స్లైడు వెనక్కి లాగు! తూటా కూర్చునే చోట కంటితో చూడు, చిటికెనవేలు పెట్టి చూడు! మళ్ళీ చూడు!"

"నోర్ముయ్! నా కూతురికి నువ్వు నేర్పేదేంటి?" అందామె.

మెకానిక్ ఆయన్ను వీధి చివరిదాకా నెట్టుకుంటూ పోయాడు.

ఆమె లోపలికొచ్చింది. ఖాళీ పిస్టల్‌తో గోడమీది నల్లచుక్కకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడం కూతురు రోజూ ఇంట్లో చేసే సాధన. ఆ గోడకు అవతల వంటగది, తల్లి పొద్దస్తమానం నిలబడే పొయ్యి.

ఈరోజు కూతురు గురి చూడటం లేదు. నేలమీద చతికిలబడి ఉంది. స్లైడు వెనక్కి లాగిన పిస్టల్ బల్లమీద ఉంది. అరచేతిలో ఒక తూటా.

"లోపలే ఉందమ్మా. మేగజైన్ తీశాను, అది ఖాళీ. ఇంకేముందిలే అనుకున్నా. ఆయన అరవకపోతే..."

"అక్కడే చూసుకోవాలి కదే!"

"ఐదోది కాల్చకముందే టైమైపోయింది. చూసుకునేదాన్నే. ఈలోగా నువ్వు ఆరోసారి ఫోన్ చేశావ్. 'ఏమైపోయావే, నా ప్రాణం పోతోంది' అన్నావ్. హడావుడిగా పెట్టెలో పెట్టుకుని వచ్చేశా."

ఆమె చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి ఉరికింది. ముసలాయన లేడు.

"బాగా గడ్డి పెట్టి పంపించానక్కా. ఇంక ఈ ఛాయలకు రాడు," అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ.

ఆమె అతని ముఖంలోకి చూడలేకపోయింది. ఆయన్ను దొంగన్నది మెకానిక్ కాదు, తను.

మర్నాడు క్లబ్బు తెరవకముందే వెళ్ళి నిలబడింది. గేటు దగ్గర ఎవరూ లేరు. సెక్రటరీ వచ్చాక, తలెత్తకుండానే జరిగిందంతా చెప్పింది.

"ఆయన ఇక రారమ్మా," అన్నాడు సెక్రటరీ. "నిన్న సాయంత్రం కుంటుకుంటూ వచ్చి స్టూలు అప్పగించి వెళ్ళిపోయారు. 'నన్ను చూసి తల్లులు జడుసుకుంటున్నారు' అన్నారు."

"ఎక్కడుంటారో చెప్పండి. కాళ్ళు పట్టుకుంటాను."

"ఊరే వదిలి వెళ్ళారు. ఎక్కడికని అడిగినా చెప్పలేదు."

"మీ వాచ్‌మన్ ఊరేదో మీకైనా తెలియదా?"

సెక్రటరీ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వాచ్‌మన్ కాదమ్మా, ఈ క్లబ్బుకి మొదటి పతకం తెచ్చింది ఆయనే. పిస్టల్ ఖాళీదే కదా అని ఆయన ఇంట్లో ట్రిగ్గర్ నొక్కిన ఆ పూట, మంచినీళ్ళ గ్లాసుతో తలుపు తోసుకుని ఎదురుగా వచ్చింది వాళ్ళమ్మ."