బోర్లించిన పళ్ళెం

న్యూకాసిల్‌లో డిసెంబరు కావడంతో నాలుగింటికే చీకటి పడింది. చిన్న మ్యూజియంలో జ్ఞానకుమారి ఒక్కతే మిగిలింది. ప్రాచీన ఇటలీకి చెందిన ఎట్రుస్కన్లు సమాధిలో చనిపోయినవాళ్ళ కోసం పెట్టిన రెండు మట్టి పళ్ళేల ముందు ఆగిపోయింది. ఒకదాని మీద ఇంకొకటి బోర్లించి ఉంది.

ఆమె నైట్ డ్యూటీ చేసి వచ్చేసరికి భర్త బాబురావు అన్నం మీద అలాగే పళ్ళెం బోర్లించి, తనూ తినకుండా కూర్చునేవాడు. అతను పోయి ఏడాదైంది.

"క్లోజింగ్ టైమ్, ఆంటీ," అంది అక్కడ పార్ట్‌టైమ్ చేసే సిరి.

"దీన్నెవరు బోర్లించారమ్మా?"

సిరి వంగి చూసింది. "పొద్దున పక్కపక్కనే ఉన్నాయి ఆంటీ. ఈ అద్దాల పెట్టె తాళం మా దగ్గరుండదు."

అద్దానికి ఆవిరి పట్టింది. జ్ఞానకుమారి కొంగుతో తుడిచింది. పోలేదు. ఆవిరి లోపలివైపుంది.

ఆమె అద్దానికి నుదురు ఆనించింది.

"ఏవండీ, ఇంకా తినలేదా?"