ప్లేటులో వేయనిది

క్యాంటీన్ వరసలో అందరి ప్లేట్లలోనూ టమాటా కూర పడింది, కాలరమ్మ ప్లేటులో తప్ప.

"నాకేది?"

"నీకు ఈ వారం లేదు," అని వడ్డించే ఆవిడ గరిటె పక్కకు తిప్పేసింది.

వెనకున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. కాలరమ్మకు తల కొట్టేసినట్టయింది.

ఆ బట్టల ఫ్యాక్టరీలో ఆమె చొక్కాలకు కాలర్లు కుడుతుంది, అందుకే ఆ పేరు. అరగంటకోసారి బాత్రూంకు పరుగెత్తాలి. ఆపుకుంటే పొత్తికడుపులో సూదులు గుచ్చినట్టుంటుంది. పరీక్షల్లో ఏ ఇన్ఫెక్షనూ లేదన్నారు. సూపర్‌వైజర్‌కు ఇవేమీ పట్టవు, ఆమె లేచినప్పుడల్లా గడియారం చూస్తాడు. నెలాఖరుకు ఈ తిరుగుడు తగ్గకపోతే పనిలోంచి తీసేస్తానని నిన్ననే చెప్పాడు, అదీ అందరూ వింటుండగా.

అంత మంటలో ఉన్న మనిషికి అన్నం దగ్గర కూడా అవమానమా?

పోనీ, ఇది మొదటిసారా? పోయిన వారమంతా టీ ఇవ్వలేదు. అంతకుముందు వారం నారింజ తొనలు వేయలేదు. మిగతావన్నీ మామూలుగానే వేస్తుంది. క్యాంటీన్ ఏదో తన అబ్బసొత్తయినట్టు.

ఒకసారి ఆవిడే చేతులు కడుక్కునే చోట దగ్గరికొచ్చి, నీతో ఒక మాట చెప్పాలంది. నీ మాటలేవీ నాకక్కర్లేదని కాలరమ్మ విసురుగా వచ్చేసింది.

శుక్రవారం ఇక ఊరుకోలేదు. ప్లేటు బల్లమీద విసిరికొట్టి తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది. తన నోటి దగ్గర కూడు లాక్కుంటోందని ఫిర్యాదు చేసింది. గంటలో వడ్డించే ఆవిడను గేటు దాటించారు. కాలరమ్మ కసి తీరింది.

సోమవారం కొత్త మనిషి గరిటె నిండా టమాటా కూర వేసింది. కాలరమ్మ పంతం కొద్దీ మళ్ళీ అడిగి వేయించుకుంది. ఆ మధ్యాహ్నం తొమ్మిదిసార్లు లేచింది. సూపర్‌వైజర్ గడియారం చూడటం మానేసి ఆమెనే చూశాడు.

మర్నాడు డాక్టరమ్మతో పోట్లాడినంత పని చేసింది, మందులు పనిచేయడం లేదని. డాక్టరమ్మ ఓపిగ్గా విన్నది. ఈ జబ్బులో ఏ తిండి పడదో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందట.

"వారానికి ఒక్కటి మానేసి చూడమ్మా. తేడా లేకపోతే అది మళ్ళీ తిను, ఇంకోటి మాను."

కాలరమ్మ వేళ్ళమీద లెక్కపెట్టింది. నారింజ. టీ. టమాటా. టమాటా తినని పోయిన శుక్రవారం తను రెండే రెండు సార్లు లేచింది. కోపంలో ఆ సంగతే గమనించుకోలేదు.

ఇన్నాళ్ళూ ఊరందరి మీద పెంచుకున్న కోపం ఇప్పుడు తన మీదికే తిరిగింది. పరుగున క్యాంటీన్‌కు వచ్చి వంటాయనను అడిగింది, ఆవిడ ఇల్లెక్కడ, ఆవిడకు ఇదంతా ఎలా తెలుసు అని.

వంటాయన పొయ్యి ముందునుంచి కదల్లేదు. ఆయనకూ కోపంగానే ఉంది.

"ఇప్పుడెక్కడుందో నాకు తెలీదు. పదేళ్ళు నీ సీట్లోనే కూర్చుని కాలర్లు కుట్టింది. మాటిమాటికీ బాత్రూంకు లేస్తోందని తీసేస్తే, వచ్చి ఇక్కడ గరిటె పట్టుకుంది."