గావ్రా గడియారం

టక్.

స్లావ్కా గొంతులో మాట ఇరుక్కున్న క్షణంలోనే గది మూల నుంచి ఆ చప్పుడు వచ్చింది.

"మా నాన్నమ్మ ద్రా... ద్రా..."

కళ్ళు మూసుకుంది. ఎదురుగా కూర్చున్న పదిహేనుమందీ ఓపికగా ఎదురుచూశారు.

"ద్రాక్షతోటలో..."

టక్. మాట బయటపడగానే మళ్ళీ అదే చప్పుడు.

సోంబోర్ ఊరి గ్రంథాలయం మేడమీద ప్రతి మంగళవారం సాయంత్రం వక్తల సంఘం కూడుతుంది. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. కాలం చూసే పని గావ్రాది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. తనకు తప్ప ఎవరికీ కనిపించకుండా గడియారాన్ని తనవైపు తిప్పుకుని, తల వంచుకుని కూర్చుంటాడు. ఏడో నిమిషం నిండగానే ఎర్ర అట్ట ఎత్తుతాడు. అది లేచిందంటే అందరూ చప్పట్లు కొట్టాలి. వాక్యం సగంలో ఉన్నా మాట్లాడేవారు కూర్చోవాలి.

ఆవేళ ఒక లాయరు బతిమాలుకున్నాడు.

"ఒక్క ముక్క, బాబాయ్! ముగింపే మిగిలింది."

"ఆ ముక్కతోనే వచ్చే వారం మొదలెట్టు."

అందరూ నవ్వారు. "గావ్రా దగ్గర దేవుడికైనా ఏడు నిమిషాలే," అంది అధ్యక్షురాలు ఒలివెరా.

స్లావ్కాకు మాత్రం ఎర్ర అట్ట ఎన్నడూ లేవలేదు. ఆమె ముగించగానే గావ్రా తల ఎత్తకుండా, "ఏడు లోపే," అనేవాడు. తడబడినా గడువులో ముగించగలుగుతున్నానన్న ఆ ఒక్క నమ్మకమే ఆమె చేత ప్రతి వారం ఆ మెట్లు ఎక్కించేది.

సెప్టెంబరులో నెవెనా పెళ్ళి. స్లావ్కాకు చిన్ననాటి స్నేహితురాలు. "నా కూమవి నువ్వే," అని ఏడాది మొదట్లోనే అంది. కూమ అంటే పెళ్ళికి సాక్షి, విందులో గ్లాసెత్తి తొలి దీవెన పలకవలసిన మనిషి. ఆ పిలుపును కాదనడం అక్కడ ఎవరూ ఎరుగరు.

"న... న... నీ పేరే నా నోట రాదు కదే!"

"వచ్చేదాకా ఆగుతాం. విందేగా, రైలు కాదుగా!"

స్లావ్కా నవ్వింది. ఆ మర్నాడే ఈ సంఘంలో చేరింది.

ఆ చప్పుడొక్కటే భరించలేకపోయింది. మాట ఆగితే టక్. కదిలితే టక్. తన లోపాన్ని ఎవరో పలకమీద గీతలు పెట్టి లెక్కిస్తున్నట్టు.

జూన్‌లో ఒకనాడు అందరి ముందూ అడిగేసింది.

"బాబాయ్ గారూ, నేను త... తడబడ్డప్పుడల్లా ఆ చప్పుడేంటండీ?"

"గడియారమమ్మా. నొక్కితే మోగుతుంది."

"అయితే నొక్కకండి."

"నొక్కకపోతే అన్యాయమైపోతుంది."

"నా తప్పులు లె... లెక్కపెట్టడం న్యాయమా? నలుగురిలో నా నత్తికి తాళం వేస్తున్నారు మీరు!"

గావ్రా గడియారాన్ని సంచిలో పెట్టుకుని, టోపీ తీసుకుని, మెట్లు దిగిపోయాడు.

మళ్ళీ రాలేదు.

తర్వాతి మంగళవారం నుంచి ఒలివెరా ఫోనులో కాలం చూడసాగింది. చప్పుడు లేదు. స్లావ్కా నిబ్బరంగా నిలబడింది. మాటలు ఎప్పటిలాగే ఆగాయి, ఎప్పటిలాగే కదిలాయి. కథ సగంలో ఉండగా ఎర్ర అట్ట లేచింది.

చప్పట్లు.

"అ... అప్పుడేనా?"

"ఫోను అబద్ధమాడదే, పిల్లా."

పై వారమూ అంతే. ఆ పై వారమూ అంతే.

"గావ్రా గారు ఉన్నప్పుడు నాకెప్పుడూ ఏ... ఏడు దాటలేదే!"

ఒలివెరా భుజాలెగరేసింది. "ఆయన ఉన్నన్నాళ్ళూ మేమెవరం వాచీ చూసుకోలేదుగా."

ఆగస్టులో ఒక ఉదయం, ఇంట్లో కాచిన జామ్ సీసా పట్టుకుని, క్షమాపణ అడుగుదామని స్లావ్కా గావ్రా ఇంటికి వెళ్ళింది.

గేటుకు నల్ల అంచు మరణవార్త కాగితం అంటించి ఉంది. దానిమీద గావ్రా ఫొటో. తొమ్మిది రోజుల కిందటి తేదీ.

నల్లబట్టల్లో ఉన్న ఆయన భార్య తలుపు తీసింది.

"స్లావ్కావి నువ్వేనా? కూర్చో అమ్మా. ఇది నీకిమ్మన్నారు."

చెక్కపెట్టెలాంటి గడియారం. పక్కపక్కనే రెండు అంకెల ముఖాలు. పైన రెండు మీటలు.

"నలభై ఏళ్ళు చదరంగం పోటీలకు తీర్పరి. ఎవరికీ ఒక్క సెకను ఎక్కువిచ్చి ఎరగరు. గెలిచే ఆటలో సొంత తమ్ముణ్ణే, కాలం మించిందని ఓడించేశారు. మూడేళ్ళు వాడు మా గడప తొక్కితే ఒట్టు."

"రెండు ముఖాలెందుకండీ?"

"ఆటలో ఇద్దరుంటారుగా. నా మీట నేను నొక్కితే నా కాలం ఆగి, ఎదుటివాళ్ళది నడుస్తుంది."

ఎడమ ముఖం కింద అంటించిన ప్లాస్టరు ముక్క మీద పెన్సిలుతో రాసి ఉంది: స్లావ్కా. ముల్లు ఏడో నిమిషానికి కొంచెం ఇవతల ఆగి ఉంది.

కుడి ముఖం కింద: నేను. అక్కడ ఐదు నిమిషాలు నడిచి ఉన్నాయి.

స్లావ్కా 'నేను' అన్న మాటను వేలితో తడిమింది. తన మాట ఆగిన క్షణాలన్నీ ఆయన లెక్కలో పడ్డాయి.

"నాకు చె... చెప్పి ఉండొచ్చు కదండీ."

"నేనూ అదే అన్నాను. 'చెబితే జాలనుకుంటుందే. జాలి కాదు, నియమం. తన వంతు కానప్పుడు తన గడియారం నడవకూడదు' అన్నారు."

సెప్టెంబరు. పెళ్ళి విందులో వాయిద్యాలు ఆగాయి. రెండువందల మంది గ్లాసులు పట్టుకుని కూమ వైపు తిరిగారు. స్లావ్కా లేచి, గడియారాన్ని తన పళ్ళెం పక్కన పెట్టి, నడిపించింది.

"మా న... న..."

ఎవరో దగ్గారు. "కానీవే తల్లీ, సూపు చల్లారిపోతోంది!" అన్నాడు వరుడి మేనమామ.

స్లావ్కా తొందరపడలేదు. ఎడమ మీట నొక్కింది.

టక్.

ఆమె కాలం ఆగింది. కుడి ముఖం మీద, బతికినన్నాళ్ళూ ఎవరికీ ఒక్క సెకను ఎక్కువివ్వని మనిషి కాలం నడవసాగింది.