బుట్టదాఖలు

తలుపు తీసినావిడ ఎవరు కావాలని అడగలేదు. పక్కకి జరిగి, "లోపలికి రండి బాబూ" అంది.

ఎడిటరు గుమ్మంలోనే ఆగాడు. "జర్నల్ ఆఫీసు నుంచి వచ్చానమ్మా. ప్రొఫెసరు గారు ఉన్నారా?"

లేరని అతనికి తెలుసు. మరణ ధ్రువపత్రం నకలు జేబులో పెట్టుకుని ఆ ప్రశ్న అడిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆవిడ గోడ మీది ఫోటో వైపు చూసింది. ఫోటో కింద రెండు తేదీలున్నాయి. రెండోది నాలుగేళ్ళ కిందటిది.

ఆ నాలుగేళ్ళలో ప్రొఫెసరు గారు ఇరవై మూడు పేపర్లు పరిశీలించి పంపారు!

నేలల మీద పరిశోధనలు అచ్చువేసే జర్నల్ అది. వచ్చిన ప్రతి పేపరునూ ఆ విషయం తెలిసిన పెద్దలకు పంపుతారు. వాళ్ళు తప్పొప్పులు రాసిస్తే, అచ్చు వెయ్యాలో వద్దో ఎడిటరు తేలుస్తాడు. అంతా ఈమెయిల్లోనే. ముఖాలు చూసుకునే పనే లేదు. ఆ పరిశీలనలో ప్రొఫెసరు గారిది అందె వేసిన చెయ్యి. మిగతావాళ్ళు నెలల తరబడి నానబెడితే, ఆయన దగ్గర్నుంచి పదో రోజుకల్లా రివ్యూ వచ్చేది. పట్టికలో ఒక్క అంకె తేడా ఉన్నా దొరికిపోయేది. "రివ్యూ అంటే ఇలా ఉండాలి" అని కొత్తవాళ్ళకి ఆయనవే నమూనాగా పంపేవాడు ఎడిటరు. "మీరు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి సార్" అని ఏటేటా శుభాకాంక్షలు కూడా రాసేవాడు. పోయిన మనిషికి నాలుగుసార్లు ఆయుష్షు కోరిన ఘనుడు లోకంలో బహుశా అతనొక్కడే.

నిన్న ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. సంతకం లేదు. సంతకం లేని ఫిర్యాదులు చదవనక్కర్లేదు, తిన్నగా బుట్టదాఖలు చెయ్యమని ఆఫీసులో రూలు పెట్టింది ఎడిటరే. గిట్టనివాళ్ళు విసిరే రాళ్ళని అతని అభిప్రాయం. దీనికి మాత్రం మరణ ధ్రువపత్రం నకలు పిన్ను చేసి ఉంది. "మీ పరిశీలకుడు బతికి లేడు. వెళ్ళి చూడండి" అని టైపు చేసిన రెండే రెండు ముక్కలు.

"ఎవరు రాశారమ్మా ఆ రివ్యూలు?"

"నేనే." ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. "మా ఆయనకి చూపు తగ్గాక ఏడేళ్ళు ప్రతి పేపరూ నేనే చదివి వినిపించాను. ఆయన చెబుతుంటే టైపు చేసేదాన్ని. నేనూ బడిలో సైన్సు చెప్పినదాన్నే. ఎక్కడ ఆగమంటారో, ఏం అడుగుతారో వినీ వినీ నాకే తెలిసిపోయింది. ఆయన పోయిన నెలకి మీ పేపరొకటి వచ్చింది. ఇదొక్కటీ చేసి చెప్పేద్దాం అనుకున్నాను. చేస్తున్నంతసేపూ ఆయన పక్కనే ఉన్నట్టనిపించింది."

"తర్వాతైనా చెప్పొచ్చు కదమ్మా!"

"ఆయన పేరుతో జవాబులిచ్చి, ఆయన పోయారని నా నోటితో ఎలా చెప్పను? ధైర్యం చాల్లేదు. ఇక మీ దగ్గర్నుంచి రాదులే అనుకునేదాన్ని. మళ్ళీ వచ్చేది. తప్పే బాబూ. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

ఎడిటరు గొంతు సవరించుకున్నాడు. "ఒకరి పేరుతో ఇంకొకరు రివ్యూ రాయడం మా రూల్స్ ప్రకారం మోసమే. ఆ పేపర్లన్నీ మళ్ళీ మొదటి నుంచి పరిశీలించాలి. జర్నల్లో ప్రకటన వెయ్యాలి. అందులో ఆయన పేరు వస్తుంది."

ఆవిడ మొదటిసారి తలెత్తింది. "ఆయన పేరొద్దు బాబూ. కాలేజీలో ల్యాబుకి ఆయన పేరు పెట్టారు. పిల్లలు రోజూ ఆ బోర్డు చూసే లోపలికెళ్తారు. తప్పు నాది. నా పేరు వెయ్యండి."

"రికార్డులో ఉన్నది ఆయన పేరమ్మా. మీ పేరు మాకు తెలీదు కూడా."

అన్నాక ఆ మాట అతనికే ములుకులా గుచ్చుకుంది. చూపు తప్పించి బల్ల వైపు చూశాడు. పోయిన వారం తను పంపిన ఇరవై నాలుగో పేపరు అక్కడ ఉంది. మూడో పట్టిక పక్కన ఎర్ర పెన్సిలుతో చిన్న ప్రశ్న. తడిమట్టిని తూచారా, ఎండబెట్టి తూచారా అని. అదే పేపరును అంతకు చాలా ముందే చూసిన మరో ఇద్దరు పండితులకు ఆ అనుమానమే రాలేదు.

ప్రకటన వేస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. పోయినవాడితో నాలుగేళ్ళు చాకిరీ చేయించిన ఎడిటరని ఊరూవాడా నవ్వుతుంది.

"అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "రివ్యూల్లో వంక పెట్టడానికేం లేదు. ప్రొఫెసరు గారు ఇక చెయ్యలేనన్నారని రాసుకుంటాను. ఈ ఉత్తరం సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు. రాసినవాడెవడో గానీ, సంతకం పెట్టే దమ్ము లేనివాడు. చించేస్తే పీడా పోతుంది."

జాలి కొద్దీ అన్నానని సర్దిచెప్పుకోబోయాడు. కుదర్లేదు. రూళ్ళు రాసిన చేత్తోనే రూలు చించబోతున్నానని సిగ్గుగానే ఉంది. అయినా జేబులోంచి ఉత్తరం తీసి, రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆవిడ గబగబా లేచి వచ్చి అతని చేతులు పట్టుకుంది.

"చించకండి బాబూ, నేను మీకు వేసిన ఉత్తరాల్లో ఇది నాలుగోది."